చూపించడం కాదు... మాట్లాడించాలి!

ఆక్స్‌ఫర్డ్ సర్కస్ అండర్‌గ్రౌండ్ స్టేషన్. శనివారం సాయంత్రం. ఇసకేస్తే రాలనంత జనం. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి పిల్లల్ని లెక్కపెడుతున్నాను. పదకొండు, పన్నెండు, పదమూడు... పద్నాలుగు రావాలి. రావడం లేదు. మళ్లీ మొదటినుంచీ లెక్కపెట్టాను. పదమూడే!

గుండె గుభేలుమంది. లేనిదెవరో వెంటనే తెలిసింది. టర్కీ నుంచి వచ్చిన పన్నెండేళ్ల పాప. జనం తోపులాటలో మాకంటే ముందే రైలెక్కేసింది. మేం ఎక్కేలోపు తలుపులు మూసుకుపోయాయి. ఊరు కాని ఊరు, భూమి కింద రైలు, చేతిలో ఫోన్ లేదు, నోట్లో ఇంగ్లిష్ లేదు.

25 నిమిషాల తర్వాత, రెండు స్టేషన్ల అవతల హోబర్న్‌లో దొరికింది. బెంచీ మీద ముడుచుకుని కూర్చుంది. పక్కనే స్టేషన్ ఉద్యోగి ఒకాయన కాపలా ఉన్నాడు. ఆయన పేరడిగితే పలకలేదట. ఏ స్కూలంటే పలకలేదట. చివరికి చేతిలోని కాగితం ఆయనకిచ్చిందట. అది ఆ పొద్దున నేను పంచిన ప్రశ్నల కాగితం. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో స్తంభం మీద ఉన్నదెవరు? బిగ్‌బెన్ అన్నది గడియారం పేరా, గంట పేరా? ఇలాంటివి 20 ప్రశ్నలు. ఆ పాప ఇరవైకి ఇరవై కరెక్టుగా రాసింది!

కానీ, "నేను తప్పిపోయాను" అన్న ఒక్క ముక్క ఇంగ్లిష్‌లో చెప్పలేకపోయింది. ఎందుకంటే అది నా ప్రశ్నల్లో లేదు. స్కూలు ఫోన్ నంబరు కూడా ఆ కాగితం మీద నేను వెయ్యలేదు. పైన స్కూలు పేరుంది కాబట్టి ఆయనే నంబరు వెతికి ఫోన్ చేశాడు.

ఇది 2016 వేసవి నాటి మాట. ఆ రోజు తల్చుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమటలు పడతాయి.

నేను చేసిన తప్పు

ఇంగ్లండ్‌లో వేసవి సెలవులొస్తే చాలు, ఇటలీ, స్పెయిన్, టర్కీ, జపాన్... ఎక్కడెక్కడి నుంచో పిల్లలు ఇంగ్లిష్ నేర్చుకోవడానికి వస్తారు. రెండు మూడు వారాలు ఉంటారు. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం ఆటలు, వారానికి ఒకటో రెండో విహారాలు. నేను పనిచేసే చోట 11 నుంచి 14 ఏళ్ల పిల్లల విహారాలు ఏర్పాటు చెయ్యడం నా పని. మన లెక్కలో ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలన్నమాట. అటు చిన్నపిల్లలూ కారు, ఇటు పెద్దవాళ్లూ కారు. చెయ్యి పట్టుకుంటే నామోషీ, వదిలేస్తే భయం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఒకటే తపన. పాపం, అంత దూరం నుంచి, అంత డబ్బు పోసి వచ్చారు, లండన్ మొత్తం చూపించేయాలి అని. ఆ శనివారం నేను వేసిన ప్లాన్ వింటే మీరు నవ్వుతారు. బకింగ్‌హామ్ ప్యాలెస్, పార్లమెంటు, లండన్ ఐ, ట్రఫాల్గర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్, చివర్లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో షాపింగ్. ఒక్కరోజులో ఆరు చోట్లు! పిల్లలు ఏమీ చూడలేదు. నా వీపు చూసుకుంటూ పరుగెత్తారు. ఏ ఇంగ్లిష్ మనిషితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇటలీ పిల్లలు ఇటాలియన్‌లో, జపాన్ పిల్లలు జపనీస్‌లో కబుర్లాడుకున్నారు. అలసిపోయారు. అలిసిన పిల్లలే తప్పిపోతారు.

ఆ రాత్రి మా పై అధికారిణి నన్ను కూర్చోబెట్టి నా ప్లాన్ కాగితం ముందు పెట్టింది. "ఎక్కడెక్కడికి వెళ్లాలో నిమిషాలతో సహా రాశావు. ఎవరైనా తప్పిపోతే ఏం చెయ్యాలన్నది ఎక్కడుంది?" అంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదేమో.

కోటప్పకొండ పాఠం

ఏడుపు ఆపుకోలేక నరసరావుపేటలో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. అంతా విని అమ్మ ఏమందో తెలుసా? "కోటప్పకొండ తిరనాళ్లకి పోయేటప్పుడు మీచేత ఏం చెప్పించేదాన్నే? మర్చిపోయావా?" అంది.

ఎలా మర్చిపోతాను! శివరాత్రికి కొండకి బయల్దేరామంటే, బస్సెక్కింది మొదలు అమ్మ నాచేత, చెల్లిచేత వల్లె వేయించేది. "నీ పేరేంటి? నాన్న పేరేంటి? ఏ వీధి? తప్పిపోతే ఎక్కడ నిలబడాలి? ఎవరికి చెప్పాలి?" ప్రభలు ఎంత ఎత్తో, గుడి ఎప్పటిదో అమ్మ ఎప్పుడూ అడగలేదు. అవి మేమే అడిగేవాళ్లం, కళ్లతో చూశాక. ముందు భయం తీరాలి. భయం తీరిన పిల్లకే చుట్టూ ఏముందో చూడాలనిపిస్తుంది.

నాకు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. లండన్ వచ్చిన కొత్తలో బస్సు టికెట్ అడగడానికి స్టాపులో నిలబడి వాక్యం నాలుగుసార్లు మనసులో అనుకునేదాన్ని. తీరా డ్రైవర్ తిరిగి ఏదో ప్రశ్న వేస్తే నోట్లో నాలుక అంటుకుపోయేది. అప్పట్లో బస్సుల్లో డబ్బులు తీసుకునేవాళ్లు. 2014లో ఆ పద్ధతి ఎత్తేశారు, ఇప్పుడు కార్డు తాకిస్తే సరి, నోరు విప్పక్కర్లేదు. భాష రాని మనిషికి అది హాయే. కానీ భాష నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకి నోరు విప్పే అవకాశం ఒకటి పోయినట్టే. అందుకే అలాంటి అవకాశాలు మనమే కల్పించాలి.

ఇంత అనుభవం ఉండీ ఆ పాప స్థానంలో నన్ను నేను ఊహించుకోలేకపోయానే అని సిగ్గేసింది.

మరుసటి శనివారం గ్రీనిచ్

రెండో వారం ప్లాన్ మొత్తం మార్చేశాను. ఆరు చోట్లు పోయి ఒక్కటే మిగిలింది: గ్రీనిచ్.

శుక్రవారం క్లాసులో కుర్చీలు వరసగా వేసి రైలు చేశాం. నేను స్టేషన్ మాస్టర్ని. ఒక్కొక్కరూ వచ్చి నాతో మూడు వాక్యాలు చెప్పాలి. "ఐ యామ్ లాస్ట్. ఐ యామ్ విత్ మై స్కూల్. ప్లీజ్ కాల్ దిస్ నంబర్." నేను కావాలని గబగబా మాట్లాడేదాన్ని. అప్పుడు నాలుగోది వాడాలి. "కెన్ యూ సే దట్ అగైన్, ప్లీజ్?" పిల్లలు పడిపడి నవ్వారు. నవ్వుతూ నేర్చుకున్నది నాలుక మీద నిలుస్తుంది.

రైలు నియమం కూడా నేర్పాం. నువ్వు రైల్లో వెళ్లిపోయి మేం మిగిలిపోతే, తర్వాతి స్టేషన్లో దిగి ప్లాట్‌ఫారం మీదే నిలబడు, మేం వస్తాం. మేం వెళ్లిపోయి నువ్వు మిగిలిపోతే, ఉన్నచోటే ఉండు. వెతుక్కుంటూ తిరగొద్దు. ప్రతి పిల్ల జేబులో ఫోన్ నంబర్ల కార్డు ఒకటి.

గ్రీనిచ్‌కి డాక్‌ల్యాండ్స్ లైట్ రైల్వేలో వెళ్లాం. ఆ రైళ్లకి ముందు డ్రైవర్ క్యాబిన్ ఉండదు. ముందు సీట్లో కూర్చుంటే మనమే నడుపుతున్నట్టుంటుంది. దిగి కొంచెం నడిస్తే కట్టీ సార్క్, 1869లో నీళ్లలోకి దిగిన తేయాకు ఓడ. కొండెక్కితే రాయల్ అబ్జర్వేటరీ. 1884లో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంలో ప్రపంచానికి సున్నా రేఖాంశం ఇక్కడి నుంచే అని తీర్మానించారు. ఆ గీతకి అటో కాలు, ఇటో కాలు వేసి నిలబడడం ఏ దేశం పిల్లలకైనా సరదాయే.

ఈసారి ప్రశ్నల కాగితం లేదు. నలుగురేసి పిల్లల్ని జట్లు చేశాను. ఏ జట్టులోనూ ఒకే మాతృభాష వాళ్లు ఇద్దరు లేకుండా చూశాను. అప్పుడిక వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవాలన్నా ఇంగ్లిషే గతి. ఒక్కో జట్టుకి ఒక్కటే పని. ఆ అబ్జర్వేటరీ కప్పు మీద ఎర్రటి బంతి ఒకటి ఉంటుంది. 1833 నుంచి రోజూ ఒక నిర్ణీత సమయానికి కిందికి జారుతుంది, నదిలో ఓడలవాళ్లు గడియారం సరిచూసుకోవడానికి పెట్టారు. అది ఎప్పుడు జారుతుందో అక్కడున్నవాళ్లని అడిగి తెలుసుకోవాలి. ఆ టైముకి తమ ఇంట్లో ఎంతవుతుందో మిగతా ముగ్గురికీ చెప్పాలి.

ఆ టర్కీ పాప నా పక్కనే నిలబడింది. వారమంతా నా కొంగు వదల్లేదంటే నమ్మండి, చీర కట్టకపోయినా! నేను ఏమీ అనలేదు. కాసేపటికి తనే నెమ్మదిగా గేటు దగ్గరున్న గార్డు దగ్గరికి నడిచింది. నేను పదడుగుల దూరంలో ఉన్నాను. "ఎక్స్‌క్యూజ్ మీ... వెన్ బాల్ ఫాల్?" అంది. ఆయన వంగి, నిదానంగా చెప్పాడు. పన్నెండూ యాభై అయిదుకి సగం దాకా లేస్తుంది, యాభై ఎనిమిదికి పైదాకా, సరిగ్గా ఒంటిగంటకి జారిపోతుంది అని. పాప ఒక్క పరుగున జట్టు దగ్గరికెళ్లి "వన్ ఓ క్లాక్! వన్ ఓ క్లాక్!" అని అరిచింది.

వ్యాకరణం తప్పే. నేను దిద్దలేదు. సరిగ్గా ఒంటిగంటకి బంతి జారింది. ఇటలీలో రెండు, టర్కీలో మూడు, జపాన్‌లో రాత్రి తొమ్మిది అని పిల్లలు లెక్కలు చెప్పుకున్నారు. మా నరసరావుపేటలో సాయంత్రం అయిదున్నర, అమ్మ సంధ్యదీపం వెలిగించే వేళ అని నేనూ చెప్పాను.

ప్రశ్న వాళ్లలోంచి పుట్టాలి

ఆ తర్వాత చాలా వేసవులు గడిచాయి. 2020లో, 2021లో కరోనా వల్ల పిల్లలు రాలేదు. మిగతా ఏళ్లలో నేను తెలుసుకున్నదొక్కటే. పిల్లలకి మనం ప్రశ్నలివ్వడం కాదు, అడగాలనే కోరిక వాళ్లకి పుట్టించాలి.

బ్రిటిష్ మ్యూజియం పేరు చెప్తే ఈ వయసు పిల్లలు మొహం ముడుచుకుంటారు. లోపల లక్షల వస్తువులు. అందుకే నేను రెండు గదులకి మించి తీసుకెళ్లను. మొదటిది రోసెట్టా శిల. 1799లో ఈజిప్టులో దొరికిన ఆ రాతి మీద ఒకే శాసనం మూడు లిపుల్లో ఉంటుంది. అందులో గ్రీకు ఒక్కటే పండితులకి వచ్చు. దాన్ని పట్టుకునే 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు ఈజిప్టు బొమ్మల లిపి గుట్టు విప్పాడు. భాష నేర్చుకునే పిల్లలకి ఇంతకన్నా మంచి కథ ఏముంటుంది? తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిదాంట్లోకి వెళ్లడమే కదా వాళ్లూ చేస్తున్నది! అక్కడే ఓ మూల కూర్చుని, "నాకు ఆకలేస్తోంది" అన్న వాక్యం ప్రతి ఒక్కరూ మూడు లిపుల్లో రాయాలి. తన భాషలో, ఇంగ్లిష్‌లో, పక్కవాడి భాషలో. పక్కవాణ్ని ఇంగ్లిష్‌లో అడక్కుండా అది కుదరదు. నా తెలుగు అక్షరాలు రాయమని నా వెంట పడేవాళ్లు ప్రతి జట్టులోనూ ఉంటారు.

రెండో గది మొదట్లో నా ప్లాన్‌లో లేదు. ఒకసారి ఒక స్పెయిన్ అబ్బాయి "నువ్వు ఏ ఊరు?" అని అడిగాడు. అక్కడ టీచర్లని పేరు పెట్టి, నువ్వు అన్నట్టే మాట్లాడతారు, ముందు కొత్తగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. "మా ఊరి దగ్గరి రాళ్లు ఇక్కడే ఉన్నాయి, చూస్తావా?" అన్నాను. అమరావతి శిల్పాల గదికి తీసుకెళ్లాను. మన అమరావతి స్తూపం నుంచి వచ్చిన పాలరాయిలాంటి సున్నపురాతి శిల్పాలు వందకు పైగా ఆ మ్యూజియంలో ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి తవ్వించినవాటిని ముందు మద్రాసుకి, 1859లో అక్కణ్నుంచి లండన్‌కి చేర్చారు.

పిల్లలు అద్దాల అవతల ఆ శిల్పాలని చూస్తూ ఉండిపోయారు. రెండు వారాలుగా పెదవి విప్పని ఒక జపాన్ అబ్బాయి నా దగ్గరికొచ్చి, "కుర్చీ ఖాళీగా ఉంది. అందరూ దానికే దండం పెడుతున్నారు. మనిషేడి?" అన్నాడు. తొలినాటి శిల్పులు బుద్ధుణ్ని మనిషి రూపంలో చెక్కకుండా ఖాళీ సింహాసనంగానో, పాదముద్రలుగానో, బోధివృక్షంగానో చూపించేవారని చెప్పాను. వాడి ఊళ్లో ఉన్న పెద్ద బుద్ధుడి విగ్రహం గురించి వాడు మొదలుపెట్టాడు. మాట కోసం తడుముకున్నాడు, చేతులతో చూపించాడు, ఆగలేదు.

అప్పుడు ఆ స్పెయిన్ అబ్బాయి ఇంకో ప్రశ్న వేశాడు. "మీ ఊరివి ఇక్కడెందుకున్నాయి? నీకు బాధగా లేదా?"

ఏం చెప్పను? "ఉంది. ఇక్కడ ఉండబట్టే ఈరోజు నీకు చూపించగలిగాను కూడా. రెండూ నిజమే" అన్నాను. వాడికి ఆ జవాబు సరిపోలేదు. నాకూ సరిపోలేదనుకోండి. దారి పొడుగునా జట్టంతా దాని మీదే వాదించుకున్నారు, వచ్చీరాని ఇంగ్లిష్‌లో. ఆ గంటలో వాళ్లు మాట్లాడిన ఇంగ్లిష్ వారం రోజుల క్లాసులో కూడా మాట్లాడి ఉండరు.

ముందు మనం నడిచి రావాలి

పిల్లల్ని బయటికి తీసుకెళ్లే వారం ముందు నేను ఒక్కదాన్నే ఆ దారంతా నడిచి వస్తాను. మరుగుదొడ్లు ఎక్కడున్నాయి, వానొస్తే అన్నం తినడానికి నీడ ఉందా, మెట్లెన్ని, ఎక్కడ కలుసుకోవాలి, అన్నీ రాసుకుంటాను. దీన్నే అక్కడ రిస్క్ అసెస్‌మెంట్ అంటారు. పేరు పెద్దది, పని మన అమ్మలు పెళ్లికి ముందు సత్రం చూసొచ్చినట్టే.

నా సంచిలో ఎప్పుడూ ఉండేవి: మంచినీళ్లు, దూది కట్లు, వాంతికి కవర్లు, రెండు జతల సాక్సులు, శానిటరీ ప్యాడ్లు. ఈ వయసు ఆడపిల్లల్లో కొందరికి మొదటిసారి ఇంటికి వేల మైళ్ల దూరంలోనే వస్తుంది. అమ్మ పక్కన ఉండదు. ఆ మాట ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో తెలియదు. అందుకే మొదటిరోజే ఆడపిల్లల్ని పక్కకి పిలిచి, "సంచి చూపించి వేలు చూపిస్తే చాలు, నాకు అర్థమవుతుంది" అని చెప్పేస్తాను. వేరుశనగ పడనివాళ్లు, మాంసం తిననివాళ్లు, హలాల్ మాత్రమే తినేవాళ్లు, ఎవరెవరో చీటీ నా జేబులో ఉంటుంది.

యూరప్ పిల్లలకి రోడ్డు దాటడమే గండం. వాళ్ల దేశాల్లో బళ్లు కుడివైపు నడుస్తాయి, ఇంగ్లండ్‌లో మనలాగే ఎడమవైపు. అలవాటుకొద్దీ తప్పు వైపు చూసి అడుగేస్తారు. లండన్‌లో దాటేచోట రోడ్డు మీద "లుక్ రైట్" అని రాసి ఉంటుంది. ఆ రెండు ముక్కలూ పైకి చదివాకే దాటాలని నా నియమం. భద్రతా కుదిరింది, ఇంగ్లిష్ పాఠమూ కుదిరింది!

ఖర్చు సంగతంటారా? బ్రిటిష్ మ్యూజియం, నేచురల్ హిస్టరీ మ్యూజియం, సైన్స్ మ్యూజియం... వీటిలో మామూలు ప్రవేశానికి టికెట్ లేదు. నేచురల్ హిస్టరీలో 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం 2017 నుంచి తల మీద వేలాడుతూ ఉంటుంది. దాని కింద పడుకుని పైకి చూడనిస్తే చాలు, మాటలు వాటంతటవే వస్తాయి. గుంపుగా వెళ్లేటప్పుడు మాత్రం ముందే చెప్పి ఉంచుకోవాలి.

ఒక విహారం మాత్రం ఇప్పటికీ నాకు కుదరలేదు. థేమ్స్ ఒడ్డున 1997లో మళ్లీ కట్టిన షేక్‌స్పియర్ గ్లోబ్ థియేటర్‌కి ఒక ఏడు నాటకానికే తీసుకెళ్లాను. మన ఊళ్లో నాటకం చూసినట్టు జనం ఆరుబయట నిలబడి చూస్తారు కదా, పిల్లలకి బాగుంటుందనుకున్నాను. గంట తిరక్కుండానే కాళ్లనొప్పులు, పాత ఇంగ్లిష్ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇప్పుడు థియేటర్ చూపించి, కథ చెప్పి, బయట నది గట్టున వాళ్లచేతే ఒక రంగం ఆడించి తీసుకొస్తాను. అది మాత్రం బాగానే నడుస్తోంది.

ప్రతి విహారం తర్వాత వ్యాసం రాయించను. ఇంటికి ఒక పోస్టుకార్డు, ఇంగ్లిష్‌లో, అయిదు వాక్యాలు. అమ్మకి రాకపోతే పిల్లే చదివి అర్థం చెప్తుంది. ఆ టర్కీ పాప రాసిన కార్డు పంపేముందు నాకు చూపించింది. మొదటి వాక్యం: "నేను తప్పిపోయాను." రెండోది: "ఇప్పుడు చెప్పగలను."

పిల్లల్ని పంపే అమ్మలు ముందే అడగండి

ఇప్పుడు మన హైదరాబాద్, విజయవాడల నుంచి కూడా కొందరు పిల్లల్ని ఇలాంటి వేసవి కోర్సులకి పంపుతున్నారు. డబ్బు కట్టేముందు ఈ సంగతులు కనుక్కోండి.

• వారానికి ఎన్ని విహారాలు? టికెట్లు, ప్రయాణం ఫీజులో కలిసే ఉన్నాయా?

• ఎందరు పిల్లలకి ఒక పెద్దమనిషి? ఆడపిల్లల వెంట ఆడవాళ్లుంటారా?

• ఒకే భాష పిల్లలందరినీ ఒకే గుంపులో వేస్తారా? వేస్తే మనవాళ్లు మూడు వారాలూ తెలుగే మాట్లాడి వస్తారు!

• ఒక్కరోజులో ఎన్ని చోట్లకి తిప్పుతారు? జాబితా పొడుగుంటే మురిసిపోకండి, అనుమానించండి.

• బ్రిటన్‌లో ఇంగ్లిష్ నేర్పే సంస్థలని తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చే పథకాన్ని బ్రిటిష్ కౌన్సిల్ నడుపుతోంది. ఆ గుర్తింపు ఉందో లేదో చూడండి.

• బయల్దేరే ముందు ఇంట్లోనే పిల్లచేత నాలుగు వాక్యాలు పైకి చెప్పించండి. పేరు, ఎవరితో వచ్చింది, ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఏం కావాలి. ర్యాంకుల కోసం ఎన్నో వల్లె వేయిస్తాం కదా, ఇదీ వేయిద్దాం.